నున్నగా తెగిన కొనలు

ఆయనకు "భూతద్దం" అని పేరు పెట్టింది సొంత తమ్ముడే. అరవై దాటినా, ఆకుకు చిల్లు కనబడితే చాలు, పురుగా, వడగళ్లా, మనిషా అని ఆరా తీసేవాడు. ముందుగా మనిషినే అనుమానించేవాడు.

వాళ్ల పొలంలో వాగు పక్కన నాలుగెకరాల చిట్టడవి ఉంది. జింకల కోసమని ముప్పయ్యేళ్లుగా ఆయన దానికి గొడ్డలి తగలనివ్వలేదు. తమ్ముడికి అది కంట్లో నలుసు. చివరికి అన్నదమ్ములు ఒక మాట అనుకున్నారు: ఈ ఏడాది జింకలు తమ్ముడు నాటిన కొత్త పళ్లమొక్కల జోలికొస్తే అడవి కొట్టేసి అక్కడా తోట వేయాలి.

నెల తిరక్కుండానే మొక్కల తలలు మాయమవసాగాయి.

ఆయన కళ్లజోడు సవరించుకుని కొమ్మకొమ్మా చూశాడు. జింకకు పైదవడన ముందుపళ్లుండవు. కొరకలేదు, పీకుతుంది. తిన్నచోట పీలికలు మిగలాలి. ఇక్కడ ప్రతి కొనా ఏటవాలుగా, నున్నగా తెగి ఉంది. కుందేలు పనా అంటే, నడుమెత్తు కొమ్మకు అది నిచ్చెన వేసుకోవాలి. గిట్టల గుర్తులున్నాయి నిజమే. ఉంటే? జింకలు నీళ్లకు పోయే దారే అది.

షెడ్డులో చూస్తే తమ్ముడి కత్తి తళతళలాడుతోంది.

"ఇవాళెన్ని పోయాయన్నయ్యా?" అని తమ్ముడు రోజూ అడిగేవాడు. ఆ గొంతులో తీపి ఆయనకు నచ్చలేదు. వారం ఓర్చుకుని, ఒక మధ్యాహ్నం భోజనాల దగ్గర బయటపడ్డాడు.

"నీ కత్తికి ఈమధ్య పదును బాగా ఎక్కిందిరా."

"ఎక్కదా మరి? మొన్న సానబట్టింది నువ్వేగా!"

"మాట మార్చకు. మొక్కలు నువ్వు కోసి జింకల మీదికి తోస్తున్నావు."

తమ్ముడి ముద్ద చేతిలోనే ఆగింది. "నాటినవాణ్ని నేనే కోసుకుంటానా? విన్నావా వదినా? రేపు ఆకులు కూడా నేనే మేశానంటాడు!"

వడ్డిస్తున్న ఆయన భార్య గరిటె కింద పెట్టింది. "కోసింది నేనండీ."

ఇద్దరూ తలలెత్తారు.

"పాలు పితికి వస్తుంటే కొనలు చీలి వేలాడుతున్నాయి. చీలిన కొన వదిలేస్తే కుళ్లుతుందని పెళ్లైన కొత్తలో మీరే కదా నేర్పారు! కత్తెరతో సరిచేస్తున్నా. మీకు తెలుసనుకున్నాను."

"చీలి అంటే... పీలికలుగానా?"

"పీలికలుగానే."

అంటే జింకలే. తమ్ముడు తాపీగా మజ్జిగ పోసుకున్నాడు. ఆ తాపీ వెనక ఏముందోనని ఆయనకు మళ్లీ శంక. చెయ్యి కడుక్కుని చిట్టడవిలోకి నడిచాడు. ఎప్పుడూ చెట్ల పైకి చూసి మురిసిపోయేవాడు, ఆ రోజు కిందికి చూశాడు. పైన కొమ్మలు కలుసుకుపోయి ఎండ చుక్క కూడా దిగడం లేదు. నేల మీద ఎండుటాకులే. పచ్చటి పొద ఒక్కటీ లేదు. పాపం, ఏం తింటాయి?

తిరిగొచ్చి తమ్ముడి ముందు నిలబడ్డాడు. "నిన్ను అనుమానించడం తప్పేరా. మాట ప్రకారం కొట్టెయ్యొచ్చు. కానీ ఒక్క ఏడాది ఆగు. పెద్ద చెట్లు సగం తీసేద్దాం. కింద మేత మొలిస్తే అవి తోటలోకెందుకొస్తాయి?"

"నువ్వు? చెట్టు కొడతావా?"

"కొడతాను."

తమ్ముడు ఆయన మొహంలోకి తేరిపార చూశాడు. ఈసారి అనుమానం అతనిది. "ఒక్క ఏడాదే," అన్నాడు.

మర్నాడు తమ్ముడు తీసేయాల్సిన చెట్లకు సున్నంతో గుర్తులు పెడుతుంటే ఆయన వెనకే నడిచాడు. అన్నీ దూలానికి పనికొచ్చే తిన్నని మానులే ఏరుతున్నట్టనిపించింది.

"ఇదెందుకురా?"

"దీని కొమ్మలు చూడన్నయ్యా, ఎంత దూరం ఎండను కమ్మేశాయో."

ఆయన తలెత్తి చూస్తూ కొమ్మల కొన కిందిదాకా నడిచి, అడుగులు లెక్కపెట్టి వచ్చాడు. ఇరవై రెండు. గొడ్డలి అందుకుని మొదటి దెబ్బ తనే వేశాడు.