దవడతో విన్న మా సారు

మా సైన్సు సారు పోయారు. పొద్దున మందుల షాపు తెరుస్తుంటే, టమోటా మార్కెట్టుకు పోతున్న పాత క్లాస్‌మేట్ బండి ఆపి చెప్పాడు. సగం ఎత్తిన షట్టర్ మళ్లీ దించేసి వెళ్లాను. ఇంటి ముందు ఇనుప మంచం మీద పడుకోబెట్టారు. అందరికీ కట్టినట్టే దవడ కింది నుంచి తెల్లగుడ్డ చుట్టి నెత్తిన ముడి వేశారు. ఆ గుడ్డ చూడగానే ఏడుపొచ్చింది. ఎందుకో తర్వాత చెప్తాను, ఆ ఏడుపు ఎంతోసేపు నిలవలేదు. పక్కనే కుర్చీలో కూర్చుని మా బడి కరస్పాండెంటు మాట్లాడుతున్నాడు. ఈ సారు చెవిటివాడైనా బడి ఆయన్ను వదులుకోలేదట. పాఠం చెప్పలేని స్థితి వస్తే గంట కొట్టే పని ఇచ్చి కాపాడుకుందట. చుట్టూ ఉన్నవాళ్లు తలలూపుతున్నారు.

కాపాడారట! నేను అప్పుడు ఆ బడిలోనే పదో తరగతిలో ఉన్నాను. జరిగింది నాకు తెలుసు.

చిన్నప్పుడు చెవుల్లో చీము పట్టి సారుకు కర్ణభేరులు పోయాయి. వయసుతో పాటు వినికిడి ఇంకా తగ్గింది. క్లాసులో ప్రశ్న అడగాలంటే మేం బోర్డు మీద రాయాలి. ఊరికే అడిగే ప్రశ్నలు బోర్డు దాకా నడిచేలోపే సిగ్గుపడి చచ్చిపోయేవి. స్టాఫ్‌రూంలో ఆయన వెనక చెవిటివాడి ముందు శంఖమూదినట్టని నవ్వుకునేవాళ్లు. ఆ సంగతి ఆయనకు తెలుసు. చెవిటివాడి ముందు శంఖమూదితే, అది కొరకడం నీ తాత తరం కూడా కాదన్నాడట కదా సామెతలో. సారు మాతో అనేవారు: "ఆ సామెతలో తెలివైనోడు చెవిటోడేనమ్మా. కొరికితేనే గదా వినపడేది."

హాస్యానికి కాదు, నిజంగానే అన్నారు. మా బడిలో గంటంటే వేపకొమ్మకు వేలాడగట్టిన రైలుపట్టా ముక్క. పరిణామం పాఠం రోజు మమ్మల్ని అక్కడికి తీసుకుపోయారు. చెవులు రెండూ వేళ్లతో గట్టిగా మూసుకోమన్నారు. స్టీలు స్కేలు ఒక కొస మా పళ్ల మధ్య పెట్టి, రెండో కొస పట్టాకు ఆనించి, సుత్తితో కొట్టారు. తలకాయంతా మోగింది. చెవులు మూసుకునే ఉన్నాం, చప్పుడు మాత్రం పుర్రెలోపల తిరుగుతోంది. "నాకు వినపడేది ఇట్లనేమ్మా" అని సారు నవ్వుతూ మా ముఖాలు చూస్తున్నారు.

అప్పుడు చెప్పారు. మన చెవిలోపల చిన్న ఎముకలు మూడున్నాయి, వాటిలో రెండు ఎప్పుడో మన పూర్వజీవుల దవడకీలు. నమలడానికి పనికొచ్చే కీలే అదురును కూడా మోసుకుపోయేది. తరాలు గడిచేకొద్దీ దవడకు వేరే కీలు కుదిరింది, పాతది చిన్నదై చెవిలో స్థిరపడింది. శనక్కాయ చేలల్లో రాత్రి కావలికి పోయేవాళ్లు కట్టెతో నేల పొడుస్తూ నడవడం మాకు తెలిసిందే. పాము ఆ అదురును నేలకానిన దవడతోనే పట్టుకుంటుందని ఆ రోజు తెలిసింది. దవడ ఎముక చెవి కావడానికే పుట్టిందా సార్ అని బోర్డు మీద రాసింది నేనే.

"దవడకేం తెలుసమ్మా, చెవినవుతానని? ప్రకృతి కొత్త సరుకు కొనదు. ఇంట్లో ఉండేదాంతోనే సంసారం చేస్తాది."

ఆ పాఠానికి మార్కులు తక్కువ, ఇన్ని పీరియడ్లు ఎందుకని కరస్పాండెంటు గొణుగుడు. పదో తరగతికి చెవిటి సారేందని కొందరు తల్లిదండ్రుల గొడవ. ఇంకేం, సాకు దొరికింది. ఒకరోజు ప్రార్థన అయ్యాక, బడంతా నిలబడి ఉండగా, కరస్పాండెంటు ఆయన చెవి దగ్గర నోరు పెట్టి అరిచాడు: "మీరే గదా సారూ చెప్తాంటారు, పాతదానికి కొత్త పని పడతాదని. ఇంక గంట మీరే కొట్టండి."

ఆయన పాఠాన్నే ఆయన మీదికి తిప్పాడు. పిల్లలు కొందరు నవ్వారు కూడా. సారు మెల్లగా, తరగతిలో తప్పు దిద్దే గొంతుతోనే చెప్పారు.

"ఆ ఎముక దవడలో పని చేస్తానే చెవి పని నేర్చుకున్యాది సార్. దాని పని ఎవురూ పెరుక్కోలేదు."

అంతే. సుద్దముక్క జేబులో వేసుకుని సుత్తి అందుకున్నారు. తర్వాత ఇంటర్వెల్‌లో పిల్లలు స్కేళ్లు పట్టుకుని ఆ వేపచెట్టు కిందికి చేరేవాళ్లు, సారు కొట్టి వినిపించేవారు. గంట దగ్గరే ఇంకో తరగతి నడిచింది. ఇది ఆయన గొప్పతనం. దీన్ని చూపించి జరిగింది మంచిదే అనకండి. తొక్కిన గడ్డి మళ్లీ మొలిచిందని తొక్కినవాడి మెడలో దండ వేస్తామా?

పొద్దున ఆ గుడ్డ చూసి ఏడుపొచ్చింది అందుకే, ఆయన వినే దవడనే కట్టేశారు. ఇదంతా మనసులో తిరుగుతుంటే ఊరుకోలేకపోయాను. కరస్పాండెంటు ముందుకు పోయి నిలబడి, "మీరు పని ఇయ్యలేదు సార్. ఉన్న పని పెరుక్కున్యారు," అన్నాను. ఆయన ఫోన్ తీసి చూసుకోవడం మొదలుపెట్టాడు. ఒక పెద్దాయన నా భుజం తట్టి, సావింట్లో ఇయన్నీ ఎందుకు తల్లీ అన్నాడు. చావింట్లో అబద్ధం చెప్తే మర్యాద, నిజం చెప్తే రచ్చ.

సారు భార్య మంచం తలాపున కూర్చుని ఉంది. నా మాట విన్నదో లేదో కూడా తెలియదు. ఇంతలో తప్పెట్లవాళ్లు వచ్చి, చావింటి మర్యాదగా దూరంగా నిలబడి కొట్టడం మొదలుపెట్టారు. ఆమె లేచి, కరస్పాండెంటు కుర్చీ పక్క నుంచే నడిచి వాళ్ల దగ్గరికి పోయింది.

"ఈడికొచ్చి కొట్టండప్పా. ఆయప్పకు ఆడ్నించి వినపడదు."

వాళ్లు మంచం దాకా వచ్చారు. ఒకతను తప్పెట అంచును ఇనుప పట్టీకి దాదాపు ఆనించి కొట్టాడు. నేను మంచం కోడు మీద చెయ్యి వేశాను, ఇనుము అదురుతోంది. సారు దవడకు కట్టిన గుడ్డ ముడి, దెబ్బ దెబ్బకూ సన్నగా కదులుతోంది.