ఆఖరి రీలు

తణుకులో మా మేనత్త ఒక సినిమా హాల్లో ఆడవాళ్ళ కౌంటరులో టిక్కెట్లు ఇచ్చేది. మామయ్య కొట్టే దెబ్బలు భరించలేక కట్టుబట్టలతో బయటికొచ్చి ఆ పనిలో చేరింది. తొంభైల చివర్లో, నేను డిగ్రీ చదివే రోజుల్లో, వేసవి సెలవులకి ఆవిడ దగ్గరుండి రోజూ భోజనం క్యారేజీ తీసుకెళ్ళేదాన్ని.

ఆ హాల్లో మార్నింగ్ షోకి 'పెద్దలకు మాత్రమే' బాపతు డబ్బింగు సినిమాలు వేసేవారు. పోస్టరు కనపడితే తల వంచుకుని నడిచేదాన్ని. ఒకరోజు కాస్త ముందే వెళ్ళాను. మ్యాట్నీకి కౌంటరు ఇంకా తెరవలేదు. అత్త లోపలుందని గేటు దగ్గరాయన చెప్పాడు. తలుపు తోసి కొయ్యబారిపోయాను. హాలు నిండా మగవాళ్ళు. వెనక గోడకి ఆనుకుని, ఆ సినిమా చూస్తూ మా అత్త.

తెర మీద ఒక కూలిపిల్లని నలుగురు చుట్టుముట్టారు. హాల్లో ఈలలు. నేను బయటికి పోబోతే అత్త చెయ్యి పట్టుకుని ఆపింది. ఆ ఘట్టం అవగానే సగం మంది లేచి వెళ్ళిపోయారు. ఆ పిల్ల కొడవలి తీసుకుని వాళ్ళని వెతుక్కుంటూ బయల్దేరింది. అంతలో తెర తెల్లబడి లైట్లు వెలిగాయి.

నిన్నటిదాకా వేసిన ఆఖరి రీలు మేనేజరు తీసేయించాడట. ఎలాగూ ఎవరూ ఉండటం లేదు, మ్యాట్నీకి ఆలస్యమవుతోందని. అత్త తిన్నగా ఆయన గదిలోకి వెళ్ళింది. వెనకే నేను.

“ఆ పిల్లకి జరిగిందంతా చూపించి, ఆ పిల్ల చేసింది చూపించకపోతే ఎలాగండి?”

“అది చూడ్డానికి ఎవరొస్తారమ్మా?” అని ఆయన నవ్వాడు.

“నేనొస్తున్నానండి. నాలుగు రోజుల్నించి.”

కౌంటరు తాళంచెవి తీసి ఆయన బల్ల మీద పెట్టింది. బయట మ్యాట్నీకి ఆడవాళ్ళ వరస అప్పటికే పెరుగుతోంది. ఆయన కిటికీలోంచి ఆ వరస చూసి, రేపట్నించి వేయిస్తానని తాళంచెవి వెనక్కి తోశాడు.

మర్నాడు అత్త పక్కన నిలబడి ఆ రీలు చూశాను. నాలుగోవాడి మెడ మీద కొడవలి ఆనించి, ఆ పిల్ల ‘నా పేరేంటో చెప్పు’ అంది. చెబితే వదిలేస్తానంది. వాడికి తెలీదు. హాల్లో మిగిలిన పదిమందిలో ఒక్కడూ ఈల వెయ్యలేదు.

ఒక ఆడదాని ఒళ్ళు చూపించి టిక్కెట్లు అమ్ముకోవడానికే తీసిన సినిమా అది. అందులోకి ఆ ప్రశ్న ఎవరు, ఎలా తెచ్చిపెట్టారో ఇప్పటికీ నాకు అంతుపట్టదు.