ఒక్క డైలాగు, ఒక తువ్వాలు

నరసరావుపేటలో కొట్లు పెట్టి దివాలా తీసినవాళ్లు చాలామంది ఉన్నారు. ఒక్క మాట పలకలేక దివాలా తీసినవాణ్ని మాత్రం నేనొక్కణ్నే. ఆ వైభవం చెబుతాను, వినండి. నవ్వు ఆపుకోనక్కర్లేదు, మా పేట ఎప్పుడో నవ్వేసింది.

మాది కిరాణా కొట్టు. బేరమాడటం నాకు బెల్లంతో పెట్టిన విద్య. మా వీధి శీనన్న హైదరాబాదులో సినిమాలకు పనిచేసి, సొంతంగా ఓ క్రైమ్ కామెడీ తీయడానికి పేటకు తిరిగొచ్చాడు. చేతకాని దొంగ ఒకడు ఏ కొట్టు దోచినా అక్కడ ఖాళీయే ఎదురవడం కథ.

"ఒక పూట మీ కొట్టు కావాలిరా. అద్దె ఇస్తా" అన్నాడు.

నా తెలివి తెల్లారింది అక్కడే.

"మనలో మనకి అద్దేందన్నా! కొట్టువాడి వేషం నాకియ్యి."

"దానికి మాటల్లేవురా."

"నాలుగు డైలాగులు పెట్టు."

"కుదరదు."

"పోనీ, రెండు."

"ఒక్కటి. ఇష్టమైతే చెయ్యి, లేకపోతే పక్క కొట్టు అడుగుతా."

"ఒక్కటే గానీ, మొహం దగ్గరగా చూపించాల!"

గెలిచాననుకుని ఇంటికెళ్లాను. నాన్న అడిగాడు: "అద్దె ఏదిరా?"

"బదులుగా డైలాగు తీసుకున్నా నాన్నా."

"దాన్ని ఏ గల్లాలో ఏస్తావురా?"

బోణీ వేళకు కొట్టు ఖాళీ చెయ్యాలన్న షరతు మీద ఒప్పుకున్నాడు. నేనేమో సినిమాలో నాకు డైలాగుందని బస్టాండు దాకా చాటేశాను. ఇప్పుడా డైలాగు పోతే అద్దెతోపాటు పరువూ పోతుందన్నమాట.

దొంగ వేషం కోటయ్య బాబాయిది. గురజాల వైపు ఊళ్లలో నాటకాలాడి నెరిసిన మనిషి. కాస్త కూర్చోవడానికి కూడా "బస్తా మీద కూసోవచ్చా అయ్యా?" అని నాన్నను అడిగే మెత్తదనం. కెమెరా తిరిగిందంటే మాత్రం పిల్లి మీద పులి చర్మం కప్పినట్టు మారిపోయేవాడు.

ఆయన నా పీక మీద అట్టకత్తి పెట్టి, "తియ్యి గల్లా!" అనాలి. నేను "ఏమీ లేదు బాబూ!" అనాలి. అంతే.

"గల్లా నిండుకుంది బాబూ!" అన్నాను.

"కట్!"

తప్పు నాది కాదండీ, నా పెంపకానిది. మా కొట్లలో గల్లా ముందు 'లేదు' అనకూడదు, లక్ష్మి అలుగుతుంది. ఉప్పు అయిపోయినా, పప్పు అయిపోయినా 'నిండుకుంది' అంటాం. చిన్నప్పుడు నోరుజారి 'లేదు' అన్నందుకు నాన్న వేసిన మొట్టికాయ ఇప్పటికీ నా నెత్తిన అద్దె కట్టకుండా కాపురముంటోంది.

"నిండుకుందంటే సిటీ జనం నిండా ఉందనుకుంటారురా! లేదు అను" అని శీనన్న నన్ను వీధిలోకి లాక్కెళ్లి అనిపించాడు. అక్కడ కోయిలలా అన్నాను. లోపలికొచ్చి గల్లా చూశానో లేదో, నోరు దాని అలవాటులోకి అది పోయింది.

"తియ్యి గల్లా!"

"రేపొస్తది బాబూ!"

"కట్! మళ్లీ."

"తియ్యి గల్లా!"

"దాని బదులు ఇంకోటి చూపించమంటారా?"

నవ్వాపుకోలేక కోటయ్య బాబాయి అట్టకత్తితో మొహం కప్పుకున్నాడు. బయట గిరాకీ పోగవుతోంది. నాన్న చేతులు కట్టుకుని కెమెరా వెనకే నిలబడ్డాడు.

బాబాయి నా చెవిలో అన్నాడు: "అబ్బాయ్, మీ నాన్న వైపు చూడమాక. నా కళ్లలోకి చూడు."

చూశాను. పొయ్యి వెలగని ఇంటి నుంచి వచ్చినవాడి కళ్లవి. నటన సంగతి మరిచిపోయి, గుండె కరిగి, "ఏమీ లేదు బాబూ! నిజంగా లేదు!" అన్నాను. నా కళ్లలో నీళ్లు కూడా తిరిగాయి.

అద్భుతం! అంతలో కెమెరా వెనక నుంచి కేక:

"ఒరేయ్! పొద్దున్నే గల్లా ముందర ఆ పాడు మాటేందిరా!"

కేకతో ఆగకుండా నాన్న కెమెరా ముందుకే వచ్చి మొట్టికాయ వేశాడు.

శీనన్న నెత్తి పట్టుకుని కూలబడ్డాడు. బాబాయి మాత్రం నెమ్మదిగా భుజం మీది తువ్వాలు తీశాడు. "శీనా, వీడి నోరు కట్టేద్దాం. దొంగలం గదా, అది మన పనే."

"అన్నా, కనీసం సగం డైలాగు..." అని బేరం మొదలుపెట్టాను. మిగతాది తువ్వాల్లో కలిసిపోయింది. అద్దెకూ డైలాగుకూ చెడ్డ రేవడినయ్యాను.

ఇక బాబాయి నటన చూడాలి. గల్లా తీశాడు. ఖాళీ. నావైపు జాలిగా చూశాడు. బస్తాలోంచి గుప్పెడు వేరుశనగలు తీసుకుని, మొహమాటపడి సగం మళ్లీ పోశాడు. పోతూ పోతూ గల్లా మూసి కళ్లకద్దుకున్నాడు. దొంగ!

"అదిరా, మర్యాదంటే" అన్నాడు నాన్న.

సినిమా ఆడిన రోజు ఆ చోట హాలంతా పగలబడి నవ్వి, చివర్లో కళ్లు తుడుచుకుంది. ఇప్పుడు బాబాయి లేడు. ఆ చెక్క గల్లా అటకెక్కింది, వచ్చిన డబ్బెంతో ఫోను డబ్బా అరిచి చెబుతోంది. టీవీలో ఆ సినిమా వస్తే మాత్రం నేను లేవను. కాసేపు ఆయన మా కొట్లోనే ఉంటాడు, వేరుశనగలు నములుతూ.

ఆ రోజు హాలు బయట మా పిన్ని నా బుగ్గ గిల్లింది. "అందరూ బానే చేశారురా. నువ్వయితే నోరు కట్టేశాక చానా బాగా చేశావు."

నాన్న అందుకున్నాడు: "ఆ తువ్వాలు అడిగి తెచ్చుకోరా. ఇంట్లో పనికొస్తది."

అందుకే కొట్లోని సమస్త సరుకుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. అద్దె ఇస్తానన్నవాడి దగ్గర ఇక అద్దే తీసుకుంటాను. డైలాగు జోలికి పోను. ఒకవేళ కోటయ్య బాబాయి లాంటి దొంగ మళ్లీ వస్తే, ఆయనకు శ్రమ లేకుండా నా నోరు నేనే కట్టుకుంటాను.