నూనె అంటిన స్తంభం

దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీద కోచింగ్ సెంటర్ల బోర్డులు దాటి సందులోకి తిరిగితే మా చర్చి ఉంటుంది. హాలు మధ్యలో స్తంభాన్ని పోసింది మా నాన్న. నల్లగొండ దిక్కు నుంచి వచ్చి మేస్త్రీగా నిలదొక్కుకున్న కొత్తలో, సంఘం వాళ్లు చందాలు వేసుకుని కట్టుకుంటే పనంతా ఆయనే చేశాడు. ఆయన పోయాక అమ్మ ప్రతి ఆదివారం ఆ స్తంభానికే వీపు ఆనించి కూర్చుంటుంది. కుర్చీ వేస్తామంటే కసురుకుంటుంది.

పైకప్పు నీళ్లు ఏళ్ల తరబడి ఆ స్తంభంలోకి దిగాయి. లోపలి చువ్వలు తుప్పుపట్టి ఉబ్బితే బయట కాంక్రీటు పగిలింది. హాలు కూలగొట్టి కొత్తది కడదామని పెద్దల్లో సగం మంది అన్నారు. అప్పుడు నేను నోరు తెరిచాను. నా ఉద్యోగమే అది. పాత స్తంభాలకు, దూలాలకు కార్బన్ ఫైబర్ అనే నల్లటి గుడ్డ చుట్టి బలం తెప్పించే కంపెనీలో సైట్ ఇంజనీరుని. కూలగొట్టకుండా నిలబెడతానని అందరి ముందూ మాటిచ్చాను.

"దేవుని మందిరంల నల్లగుడ్డ ఏందమ్మా?" అని ఒక పెద్దాయన గునిశాడు. పైన ప్లాస్టరు చేసి తెల్లరంగు వేస్తామని చెప్పాక ఊరుకున్నాడు.

దూలం కింద జాకీలు నిలబెట్టి, పగిలిన కాంక్రీటు రాల్చి, చువ్వల తుప్పు గీకి, ఖాళీలు పూడ్చాం. నలుచదరపు స్తంభం మూలలను గుండ్రంగా అరగదీశాం. లేకపోతే అంచు దగ్గర గుడ్డ తెగుతుంది. తన స్తంభాల అంచులంటే నాన్నకు ఎంత గర్వమో నాకు తెలుసు. మిషన్ ఆడుతున్నంతసేపూ నేను అటు చూడలేదు.

ఇక మిగిలింది జిగురు పూసి గుడ్డ చుట్టడమే. ఆ ఉదయం నేను ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కి వచ్చేసరికి స్తంభం నిగనిగలాడుతోంది. మనిషి చేయి అందినంత మేర, నాలుగు వైపులా, ప్రార్థన నూనె. మా సంఘంలో జబ్బుపడ్డవాళ్ల నుదుట రాసే నూనె అది. కాంక్రీటు నూనెను తాగేస్తుంది. నూనె తాగిన చోట జిగురు పట్టదు. జిగురు పట్టని గుడ్డ ఉన్నా లేనట్టే.

ఎవరు రాశారో అడగనక్కర్లేదు. రోజూ హాలు ఊడ్చేది అమ్మే, తాళంచెవి ఉండేదీ ఆమె దగ్గరే.

"ఏం చేసినవమ్మా! స్తంభానికి నూనె రాస్తరా ఎవరన్న? ఇంక గుడ్డ ఎట్ల అంటుకుంటది?" అని పనివాళ్ల ముందే అరిచాను.

అమ్మ తగ్గలేదు. "నువ్వే కదనే దీనికి జబ్బు జేసిందన్నవు," అంది. నేనే అన్నాను మరి, సంఘానికి అర్థం కావాలని. అంతలోనే ఆమె గొంతు దిగిపోయింది. "మీ నాయనకైతే ఈ నూనె అందలే బిడ్డా. దవాఖానల లోపటికి పోనియ్యలే. సీస పట్టుకొని బయటనే నిలవడ్డ. పోనిచ్చేసరికి మొఖం మీద బట్ట కప్పిన్రు."

ఆ రోజు నేను ఆసుపత్రి కింది అంతస్తులో మందుల కోసం తిరుగుతున్నాను. అమ్మ చేతిలో సీసా ఉందని నాకు తెలియనే తెలియదు. కోపం పోయిందని చెప్పను, కానీ పనివాళ్ల వైపు తిరిగి బకెట్లు తెమ్మన్నాను.

నూనె మరకలను మందు పోసి కడిగాం. చాలిందో లేదో తేల్చడానికి ఒక పరీక్ష ఉంది. చిన్న లోహపు బిళ్లను స్తంభానికి జిగురుతో అతికించి, ఆరాక పరికరంతో లాగుతాం. బిళ్ల తనతో పాటు కాంక్రీటును పెరుక్కుని వస్తే పట్టు బాగున్నట్టు. మా బిళ్ల ఉత్తగా ఊడొచ్చింది. ఇక లోతుగా అరగదీయాలి. మరీ లోతుకు పోతే చువ్వలు మళ్లీ బయటపడతాయి, కూలగొట్టమన్నవాళ్ల మాటే నెగ్గుతుంది. గ్రైండర్ ఈసారి నేనే పట్టుకున్నాను. కొంచెం గీయడం, ఆపడం, నీళ్లు చల్లి చూడడం. నూనె ఉన్నచోట నీళ్లు బొట్లుగా నిలుస్తాయి. చివరికి నీళ్లు ఇంకాయి.

స్తంభం బాగా ఆరాక మళ్లీ బిళ్ల అతికించాం. లాగే వేళకు అమ్మ వచ్చి నిలబడింది. ఠప్పుమని ఊడింది. బిళ్ల నిండా నాన్న పోసిన కాంక్రీటు, కంకర ముక్కలతో సహా.

"అయ్యో, ఇరిగెనా?" అంది అమ్మ.

"ఇరగలే అమ్మా. మంచిగ పట్టుకున్నది."

గుడ్డకు జిగురు పట్టించి చుట్టాం. గాలి బుడగలు మిగలకుండా రోలర్‌తో ఒత్తాం. పొద్దుగూకే వేళకు పని అయిపోయింది. అమ్మ ఆ నల్లటి స్తంభాన్ని ముట్టుకోకుండా చుట్టూ తిరిగి చూసి, నా దగ్గరకు వచ్చింది.

"ఇంక పడదా బిడ్డా?"

మా పనిలో పడదని ఎవరూ అనరు. ఇంత బరువు మోస్తుంది, అప్పుడప్పుడు చూసుకుంటూ ఉండాలి అంటాం. అమ్మకు అదంతా చెప్పబుద్ధి కాలేదు.

"పడదమ్మా," అన్నాను.

అమ్మ అక్కడే కింద కూలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

"గా దినం దవాఖానల, ఏం గాదని ఒక్కలన్న చెప్తరేమోనని అందరి మొఖాలు చూసిన బిడ్డా," అంది.