చూరు నా ఇష్టం

మా దేవసేన గట్టిగా మాట్లాడదు. నేను నోరు తెరిస్తే వీధి చివరి దాకా వినపడుతుంది; ఆమె మాట పక్కనున్నవాళ్ళకే సరిగా వినపడదు. అందుకే ఊళ్ళో అందరూ ఆమెను నోట్లో నాలుక లేని మనిషి అనుకున్నారు. మా ఆయన చెంగల్వరాయుడు కూడా అలాగే అనుకున్నాడు, పాపం.

ఆమె నా తోటికోడలు. మా మరిది గుహన్‌కు అత్తిపట్టు పవర్ ప్లాంటులో పని, వారానికొకసారి వస్తాడు. తిరుత్తణికి ఇవతల మా ఊళ్ళో మా ఇల్లు పడమర, వాళ్ళ పెంకుటిల్లు పక్కనే తూర్పున. తమ్ముడి ఇంటి కప్పు కొన, అదే కొప్పు, అన్న ఇంటి కొప్పును మించకూడదని మా ఆయన పట్టు. ఆ పట్టు కోసం కొప్పు తగ్గించి కట్టారు, గోడలు మాత్రం అందరిలాగే ఎత్తుగా లేపారు. ఇంక కప్పుకు వాలెక్కడ మిగులుతుంది? గాలివాన కొడితే నీళ్ళు కిందికి జారకుండా పెంకుల సందుల్లోకి ఎగదన్నేవి. గోడలన్నీ చెమ్మ. ఆ చెమ్మకు వాళ్ళ ఆరేళ్ళ దర్శినికి ఆయాసం. వానలు పట్టాయంటే ఆ బిడ్డ పడుకోలేక కూర్చునే నిద్రపోయేది.

పోయిన ఎండాకాలం కప్పు విప్పి మళ్ళీ వేయించాలని రత్నస్వామి మేస్త్రిని పిలిచింది దేవసేన. వాట్టం చాలదమ్మా, కొప్పు రెండడుగులు లేపల్ల అన్నాడాయన. మా వైపు వాలును వాట్టం అంటారు. మిద్దె వేసుకోరాదా అని నేనంటే, మన ఎండకు మిద్దె కింద బిడ్డ ఉడికిపోతుందక్కా అంది.

కొప్పు లేపుకుంటామని అడగడానికి మా ఇంటికి వచ్చింది. మా ఆయన ఉయ్యాల బల్ల దిగకుండానే కుదరదన్నాడు. వాస్తు అన్నాడు, తాత పెట్టిన కట్టుబాటు అన్నాడు, ఊరు నవ్వుతుంది అన్నాడు. దర్శిని అంటే ఈయనకు ప్రాణం. అయినా ఆ ఆయాసం ఈ పట్టు వల్లనే అంటే చెవికెక్కదు. నాకు ఒళ్ళు మండిపోయింది. నేను అందుకునేలోగా దేవసేన నిదానంగా అంది.

"సరే బావా. కొప్పు మీరు చెప్పినట్లే. చూరు మాత్రం నా ఇష్టం."

చూరుదేముంది, చేసుకో అన్నాడు ఈయన, పెద్ద మనసు చూపిస్తున్నట్టు.

మరుసటి వారమే గోడలు రెండడుగులు దించేయించింది. ద్వారబంధం కోసి పొట్టి చేయించింది. కొప్పు ఉన్నచోటే ఉంది, చూరు దిగింది, కావలసిన వాలు వచ్చేసింది. పెంకులు కప్పాక చూస్తే చూరు మా ఆయన రొమ్ముకు తగులుతోంది. ఈయన ఆరడుగుల మనిషి. తాళి కట్టేటప్పుడు కూడా వంగలేదు, నేనే మెడ పైకెత్తాల్సి వచ్చింది.

గుడిసెలా ఉందని ఊరు నవ్వింది. నేను వంగి పొయ్యేదా అని ఈయన మొహం మాడ్చుకున్నాడు. అప్పటి నుంచి వాకిట్లోనే నిలబడి బిడ్డను పిలిచేవాడు. అది పెదనాయనా అంటూ బయటికి ఉరికి వస్తే ఎత్తుకునేవాడు.

కార్తీకంలో తుఫాను పట్టింది. వాన తెరిపివ్వలేదు, బిడ్డ బయటికి రాలేదు. ఈయన ఉండలేక గొడుగు వేసుకుని ఆ చూరు ముందుకు పోయి పిలిచాడు. ఆ హోరులో లోపలివాళ్ళకు వినపడలేదు. నేను మా వసారాలోంచి చూస్తున్నాను. ఏటా వానలో ఆ ఇంట్లోంచి దగ్గు వినపడేది. ఇప్పుడు అది కూడా లేకపోయేసరికి బిడ్డకేమైందోనని ఈయన భయపడినట్టుంది. గొడుగు అక్కడే పారేసి, నడుము దాకా వంగి లోపలికి దూరిపోయాడు.

నేనూ పరుగెత్తాను. దర్శిని చాప మీద వెల్లకిలా పడుకుని హాయిగా నిద్రపోతోంది. ఈయన గోడ మీద చెయ్యి పెట్టి చూశాడు. పొడిగా ఉంది. బిడ్డ పక్కనే కూర్చుని చాలాసేపు కళ్ళు తుడుచుకున్నాడు, వాననీళ్ళని మేము అనుకోవాలని కాబోలు.

ఇప్పుడు రోజూ సాయంత్రం పోతాడు, వంగి. మొన్న అక్కడ కాఫీ తాగుతూ తనంతట తానే అన్నాడు.

"కొప్పు లేపుకో దేవసేనా. నా ఇంటికంటే పైకి పోయినా పర్వాలేదు. అప్పుడు నేను వద్దనింది తప్పు."

దేవసేన ఖాళీ గ్లాసు అందుకుని నవ్వింది.

"ఇప్పుడెందుకులే బావా. వంగేది మీకు అలవాటైపోయింది గదా."