ఒకే నంబరు మీద ఊరంతా

డీజిలు ఆటో మా క్లినిక్ ముందు ఆగితే కిటికీ అద్దాలు గడగడలాడతాయి. ఇంజను ఆపాక కూడా ఆ వణుకు బల్ల మీది గాజు సీసాల్లో కాసేపు మిగిలి, సన్నగా మోగుతూనే ఉంటుంది. ఇవాళ పొద్దున అట్లాంటి చప్పుడే వినపడగానే కొత్త డాక్టరు గారు తలుపు వేయమన్నారు. నేను మాత్రం చేతిలో పని వదిలేసి, దిగేవాళ్ళని చూస్తూ నిలబడిపోయాను. ఎవరు ఎక్కడి నుంచి వచ్చారో, ఎవరు ఎవరికి ఏమవుతారో తెలుసుకోకుండా తలుపు వేయడం నాకు చేతకాదు. ఈ జబ్బు నాకు డాక్టర్ శాంతమ్మ గారి దగ్గర అంటుకుంది. డాక్టర్ల దగ్గర జబ్బులు తగ్గుతాయని విన్నాను గాని, నా సంగతి తలకిందులైంది.

మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీల వైపు పోయే వీధిలో ఆమెది చిన్న క్లినిక్. ఒక గది, ఒక వరండా, వరండాలో ఒక బెంచీ. తొమ్మిదో తరగతితో చదువుకు దండం పెట్టేసిన నేను, ఊళ్ళో చేయదగ్గ పనులూ చేయకూడని పనులూ అన్నీ చూసి, చివరికి ఆమె దగ్గర చీటీలు రాయడానికి కుదిరాను. మొదటిరోజే "చదువెందుకు మానేసినావు ఓబులేసూ?" అని అడిగారు. "నేను మానలేదమ్మా, అదే నన్ను మానేసింది" అన్నాను. ఈ మాటకు అందరూ నవ్వి వదిలేస్తారు. ఆమె నవ్వారు గాని వదల్లేదు. "ఏ లెక్క దగ్గర మానేసింది?" అన్నారు. నన్ను అంత వివరంగా ఎవరూ ఎప్పుడూ అడగలేదు. "లెక్కల్లోకి ఎక్స్ అనేటోడు వచ్చినాడమ్మా. వాడెవడు సార్ అని అడిగితే అయ్యవారు కొట్టినాడు" అన్నాను. ఆమె పెన్ను పక్కన పెట్టి, "మంచి ప్రశ్నే గదరా! కొట్టడమెందుకు?" అన్నారు. ఆ మాటతో నాకు ఆ గది నచ్చేసింది.

ఆమెకు కాగితాలతో పనుండేది కాదు. మనిషి గడప దాటగానే మొహం చూసి, పోయినసారి ఏ మందు ఇచ్చారో, ఏ మందు పడదో చెప్పేసేవారు. యర్రగొండపాలెం అవతల అడవి అంచు పల్లె నుంచి మార్తమ్మ అని కూలికి పోయే ఆమె వచ్చేది. ఆమెకు సల్ఫా మాత్ర పడదు. ఒకసారి ఎవరో ఇస్తే మొహం వాచి, ఊపిరాడక, చావు దాకా పోయి వచ్చింది. ఒకరోజు మార్తమ్మ కుర్చీలో కూర్చోగానే డాక్టరమ్మ చీటీ మీద ఆ మాత్రే రాస్తూ, "ఏం రూతమ్మా, పాప ఎట్లుంది?" అన్నారు. రూతమ్మ అంటే మార్తమ్మ తోడికోడలు. "నేను మార్తమ్మను గదమ్మా!" అంది ఆమె. గొంతు వినగానే డాక్టరమ్మ చెయ్యి ఆగిపోయింది. చీటీ చించేశారు. అందరూ వెళ్ళాక నన్ను పిలిచి, "కంటి నరం ఎండిపోతా ఉందిరా. మొహాలు ఆనటం లేదు. ఆమె నోరు తెరవకపోయుంటే ఏమయ్యేది? ఇంక నా కళ్ళను నమ్ముకోకూడదు. కంప్యూటరు పెడదాం" అన్నారు.

అట్లా మొదలైంది సాఫ్ట్‌వేరు వేట. మొదట వచ్చినాయన టై కట్టుకొచ్చాడు. ఆయన దాంట్లో ఆపరేషన్ థియేటరుంది, రక్తనిధి ఉంది, క్యాంటీన్ కూడా ఉంది. "మా క్యాంటీన్ ఎదురు వీధిలో టీ బంకు సార్, దాన్ని కూడా ఎక్కించాల్నా?" అని అడిగాను. ధర విన్నాక నా బీపీ నేనే చూసుకున్నాను. డాక్టరమ్మ మాత్రం వింత బొమ్మ దొరికిన చిన్నపిల్లలా ప్రశ్నల మీద ప్రశ్నలు వేశారు. "కరెంటు పోతే మీ మిషను ఏం చేస్తది? నేను డబ్బు కట్టడం మానేస్తే మావాళ్ళ వివరాలు నా చేతికిస్తారా, మీ దగ్గరే పెట్టుకుంటారా?" ఆయన "చాలా మంచి ప్రశ్న మేడమ్" అన్నాడు. ఆ తర్వాత జవాబు వస్తుందని నేను చాలాసేపు చూశాను. ఇంకొకటి ఉచితం. కాకపోతే ఇంటర్నెట్ లేనిదే తెరుచుకోదు. మా వీధిలో గాలొస్తే నెట్ పోతుంది, గాలి లేకపోతే కరెంటు పోతుంది. చివరికి గిద్దలూరు నుంచి కిరణ్ అనే ఆయన, తను సొంతంగా తయారుచేసింది తెచ్చాడు. మాకు అందే ధర, నెట్ లేకున్నా పనిచేస్తుంది. "వాడి చూడండి మేడమ్, నచ్చితేనే" అని పెట్టి వెళ్ళాడు.

నేను ఒంటి వేలితో టైపు కొట్టడం మొదలుపెట్టాను. మనిషిని దాంట్లో ఫోన్ నంబరుతో గుర్తుపడతారు. కొన్నాళ్ళకు ఒక నంబరు కొట్టి చూస్తే నాకు నవ్వాగలేదు. "అమ్మా, ఏసుదాసు అనే ఈయన మామూలు మనిషి కాదు. ఈయనకు ఆరో నెల. ప్రోస్టేటు వాచింది. పాలపళ్ళు కూడా వస్తున్నాయి!" బెంచీ మీద వాళ్ళంతా పడిపడి నవ్వారు. డాక్టరమ్మా నవ్వి, ఉన్నట్టుండి ఆపేశారు. "మార్తమ్మది కూడా ఆ నంబరే గదరా. సల్ఫా పడదని రాయించినా గదా, అది యాడుంది?" వెతికాను. లేదు. ఆమె తర్వాత ఎక్కించినవాళ్ళ వివరాలు ఆమె వివరాల్ని తుడిచేశాయి.

నేనైతే ఆ మిషన్ని వెనక్కి పంపేసేవాణ్ణి. ఆమె ముందు ఆ ఏసుదాసును పిలిపించమన్నారు. అతను మార్తమ్మ వాళ్ళ పల్లెలో ఆటో డ్రైవరు. "అందరూ నీ నంబరే ఎందుకు ఇస్తారు నాయనా?"

"మా పల్లెలో మా మిద్దె మీద తప్ప సిగ్నల్ రాదమ్మా. గ్యాసోళ్ళు, బ్యాంకోళ్ళు, అందరూ నాకే చేస్తారు. నేను మిద్దె మీద నిలబడి కేకేస్తా."

"ఓటీపీ కూడా?"

"అది ఇంకా గట్టిగా కేకేస్తానమ్మా, టైమైపోతది గదా!"

ఆమె ఎంత సంతోషంగా విన్నారో! "అయితే నీది తప్పు నంబరు కాదు. మిషనే మిమ్మల్ని విడదీయడం నేర్చుకోవాల. మళ్ళా వచ్చేటప్పుడు ఆటో నిండా తీసుకురా" అన్నారు. అదే రోజుకు కిరణ్‌నీ పిలిచారు. "వీళ్ళను ఎక్కించు, చూద్దాం." మార్తమ్మలు ఇద్దరు తేలారు. కిరణ్ తల గోక్కున్నాడు. ఏసుదాసు మాత్రం తడుముకోకుండా, "ఈమె మా పెద్దమ్మ, ఈమె మా అత్త, ఈయన నాకు బావ" అని చెప్పుకుంటూ పోయాడు. "అదే పెట్టు! నంబరు కింద మనుషులు, ఒక్కో మనిషికి ఆ నంబరాయనతో వరస. వరస నింపకుండా సేవ్ కాకూడదు" అన్నారు డాక్టరమ్మ.

"మేడమ్, ఇది ఆసుపత్రి సాఫ్ట్‌వేరా, పెళ్ళిళ్ళ పేరయ్య సాఫ్ట్‌వేరా?" అన్నాడు కిరణ్. అన్నాడు గాని, మార్చి తెచ్చాడు. ఒక్కొక్కరి ఫోటో కూడా పెట్టించమన్నారు ఆమె. "మీకు మొహాలు ఆనవు గదమ్మా, ఫోటోలెందుకు?" అని వేళాకోళమాడాను. "నాకు గాదురా. నా తర్వాత వచ్చేవాళ్ళకు" అన్నారు. ఆమె వెళ్ళిపోతున్నారని నాకు అట్లా తెలిసింది.

ఆ తర్వాత ఆమె ఒక్కొక్కరి చెయ్యి పట్టుకుని, గొంతు విని, తనకు గుర్తున్నదంతా చెబుతుంటే నేను టైపు కొట్టాను. మార్తమ్మ పేరు కింద సల్ఫా పడదన్న మాట, ఈసారి ఎర్రటి గీతతో, మళ్ళీ వచ్చింది. అందరూ అయ్యాక, "నన్ను కూడా ఎక్కించు" అన్నారు. ఏ నంబరని అడిగితే, "నా ఫోను నాకే కనపడదు. నీదే ఇయ్యి" అన్నారు. కొట్టాను. వరస దగ్గర ఆగిపోయాను. నోరు మూతపడని నాకు ఆ పూట ఒక్క జోకూ రాలేదు. "అమ్మ" అని కొట్టాను. మిషను మారుమాట లేకుండా సేవ్ చేసుకుంది.

ఇప్పుడామె పొదిలిలో చెల్లెలి ఇంట్లో ఉన్నారు. కంటాసుపత్రిలోనూ నా నంబరే ఇచ్చారు గనక, కళ్ళ పరీక్షకు రమ్మని ఆమెకు వెళ్ళాల్సిన మెసేజీలన్నీ నా జేబులో మోగుతాయి. ఆ వంకతో ఫోన్ చేస్తాను. బాగున్నావా అని అడగరు. "ఇవాళ కొత్తగా ఏం అడిగినావురా?" అంటారు. ఏమీ లేదమ్మా అని చెప్పడానికి నాకు మొహం చెల్లదు. అందుకని రోజూ బెంచీ మీది వాళ్ళలో ఒకరినైనా, చీటీకి అక్కర్లేని ప్రశ్న ఒకటి అడిగి పెట్టుకుంటాను.