మల్లక్క ఎత్తు బంగారం

గోదావరిఖనిలో మా క్వార్టరుకూ మల్లక్క క్వార్టరుకూ నడుమ ఒకటే గోడ. ఆమె దగ్గినా, నవ్వినా మాకు వినబడేది. నవ్వే ఎక్కువ. ఆమె భర్త గట్టయ్య బొగ్గుబాయిలో కప్పు కూలకుండా కట్టెలు నిలబెట్టే పని చేసేవాడు.

డెబ్బై ఒకటి వానకాలంలో మల్లక్క మళ్ళీ నెలకు మూడు రోజులు గడప ఇవతల కూర్చోవడం మొదలుపెట్టింది. ఆమెకు ముట్టు ఆగి ఏళ్ళయింది. మనుమరాలు కూడా పుట్టింది. వాడకట్టు ఆడవాళ్ళు ఊరుకుంటారా?

"గట్టన్న జల్ది తొట్టెల కొనాలె ఇగ."

"కొంటడు. నీకెందుకే కడుపుమంట?" అని మల్లక్కే అందరికంటే ముందు నవ్వేది.

మూడు రోజులు కాస్తా పదయ్యాయి. తర్వాత లోపలికి పోయే రోజే లేకపోయింది. పొయ్యి ముట్టొద్దు, దేవుని అర్రలోకి పోవద్దు అన్న పట్టింపే తప్ప, అది జబ్బేమోనని ఆమెకు తోచలేదు. మాకూ తోచలేదు. వాసన రావడం మొదలయ్యాక ఎదురింటి కుబ్రా బేగం పట్టుబట్టి దవాఖానకు తీసుకుపోయింది. డాక్టరమ్మ పరీక్షించి, గర్భసంచి మూతికి క్యాన్సరు అన్నది. దానికి వైద్యం ఇక్కడ లేదు, హైదరాబాదు పోవాలె, ఆలస్యం చేయొద్దు అన్నది.

మల్లక్క ఇంటికి రాగానే సమ్మక్క తల్లికి మొక్కుకుంది. నెత్తురు ఆగితే మేడారం జాతరలో ఎత్తు బంగారం ఇస్తానని. అక్కడ బెల్లాన్నే బంగారం అంటారు. మనిషి ఎంత తూగితే అంత బెల్లం ఇవ్వాలి.

గట్టయ్యకు అన్ని రోజుల సెలవు దొరకదు. దొరికినా ఆడవాళ్ళ వార్డులో మగవాళ్ళను ఉండనివ్వరు. మల్లక్క అంతకుముందు రైలెక్కి ఎరగదు, ఉర్దూ రాదు. "నేను పోత. నాలుగు రోజులు వండుకుంటే మా హమీద్ సాబ్ చేతులేం అరగవు," అని కుబ్రా బేగమే తోడు బయలుదేరింది. అక్కడ జరిగింది ఆమె తర్వాత చెప్పగా విన్నదే.

పెద్ద దవాఖానలో మల్లక్కకు రోజూ కరెంటు పెట్టేవాళ్ళు. యంత్రం కింద పడుకోబెట్టి కిరణాలతో చేసే వైద్యానికి అందరూ పెట్టిన పేరది. తిన్నది ఇమడలేదు, నడుము కింద చర్మం కమిలింది. కానీ కొన్నాళ్ళకు నెత్తురు ఆగింది. అప్పటికి జాతర దగ్గర పడింది. గట్టయ్య తీసుకుపోవడానికి వచ్చాడు.

"అమ్మ మాట నిలబెట్టుకున్నది ఆపా. నేను తప్పితే ఎట్ల?" అన్నది మల్లక్క, బట్టలు మూట కట్టుకుంటూ.

"ఇంక లోపల రేడియం పెట్టాలె, అది పెట్టకుంటే మళ్ళ వస్తదని ఇక్కడి డాక్టరమ్మ చెప్పలె?" అన్నది కుబ్రా బేగం.

"నెత్తురే ఆగినంక ఇంకేం పెడ్తరు?"

పక్క మంచం మీద ఉండిన బెల్లంపల్లి సారవ్వ కూడా ఆ మాటే అని వరికోతలకు పోయింది. తిరిగి ఆమెను ఇద్దరు మోసుకొచ్చారు. ఇక చేసేదేమీ లేదని డాక్టర్లు పంపేశారు. కుబ్రా బేగం అది గుర్తుచేసింది.

"సారవ్వకు మొక్కు లేదక్కా," అన్నాడు గట్టయ్య. "మొక్కి ఎగ్గొడితే అమ్మ ఊకుంటదా?"

సమ్మక్క సంగతి మాట్లాడటానికి తానెవరనుకుంది కుబ్రా బేగం. మూట ముడి వేస్తున్న మల్లక్క చేతులకేసి చూసింది. వెండి కడియాలు మోచేతుల దాకా జారుతున్నాయి.

"అయితే పో. పోయి తక్కెట్ల కూసో. ఈ బొక్కల మూటకు ఎంత బెల్లం తూగుతది? మొక్కినప్పుడు ఎంతున్నవు, గిప్పుడెంతున్నవు? సగం బెల్లంతోటి తప్పించుకుందామనా? మా దర్గకాడ గూడ ఎవ్వరు గింత మోసం చెయ్యరు తల్లీ!"

వార్డంతా నవ్వింది. మల్లక్క నవ్వలేదు. కడియాన్ని మణికట్టుకు లాక్కుంది. వదలగానే మళ్ళీ జారింది. మొగుని దిక్కు చూసి, "నువ్వొక్కనివే పో," అన్నది.

"ఒక ముద్ద బెల్లమన్న ఇచ్చి వస్తనే."

"వద్దు. ఉత్త చేతులతోనే పో. ఒళ్ళు చేసినంక వస్తదట అని చెప్పు. ఆమెకు తెల్వదా?"

రేడియం పెట్టినప్పుడు ఒంటరి గదిలో కదలకుండా పడుకోబెట్టారు. ఎవరూ దగ్గరికి పోకూడదు. కుబ్రా బేగం తలుపు బయటి నుంచి అడిగింది, "ఎట్లున్నవే?"

"ముట్టు కూసున్నట్టే ఉన్నదాపా. ఎవ్వరు అంటరు, దగ్గరికి రారు. నాకు అలవాటే గద."

ఇంటికి వచ్చాక కోలుకోవడానికి చాలాకాలం పట్టింది. కుబ్రా బేగం తెచ్చే మేకకాళ్ళ పాయా వాసన గోడ దాటి మాకూ వచ్చేది. మల్లక్క గిన్నె ఊడ్చేదాకా ఎదురుగానే కూర్చునేది ఆవిడ. "తిను. అమ్మవారికి బాకీ ఉన్నవు," అని.

తర్వాతి జాతరకు బజారులో సేటు దుకాణంలో తూకం పెట్టారు. మేమంతా పోయాం. మల్లక్క తక్కెట్లో సర్దుకొని కూర్చుంది. సేటు ముద్ద మీద ముద్ద పెడుతున్నాడు, ఆమె పళ్ళెం లేవడం లేదు. గట్టయ్య సేటు చేతికేసి, మల్లక్కకేసి మార్చి మార్చి చూస్తున్నాడు.

"దాంట్ల సగం నా పాయనే," అన్నది కుబ్రా బేగం.

చివరికి సేటు ఆగి, "కడియాలు తియ్యమ్మా. మొక్కు మనిషికి గద, వెండికెందుకు?" అన్నాడు.

మల్లక్క ఒక కడియం పట్టుకొని లాగింది. తిప్పి లాగింది. అది మణికట్టు దాటలేదు.

"రావు సేటూ," అన్నది. "వెయ్యి, ఇంకో ముద్ద."